శుక్రవారం ముడి

ముప్పయ్యొక్క ఏళ్లు సీసాల మెడలకు దారం కట్టాను.
గ్రాస్ ఊళ్లో, కొండవాలు ఫ్యాక్టరీలో,
రెండో అంతస్తు, ఉత్తరపు కిటికీ పక్క బల్ల.
ముందు ఎద్దు పేగు పొర, ఉల్లిపొర కంటే పల్చన,
తడిపి మూతమీద బిగలాగాలి.
తర్వాత నల్లదారం రెండు చుట్లు,
ముడి, మైనం చుక్క, ముద్ర.
గంటకు నలభై.
మాట్లాడితే మదాం ఫెర్నాండ్ దగ్గేది.

ఆ అత్తరు పేరు వెస్పెరాల్.
సాయంత్రానిది అని అర్థం.
మేం కట్టింది మాత్రం పొద్దున్నే.

మా అమ్మ పీడ్‌మాంట్ నుంచి కొండలు దాటి
జాజులు కోయడానికొచ్చింది.
చీకటుండగానే నడుముకు బుట్ట,
కిలోకి ఎనిమిది వేల పూలు,
పొద్దెక్కితే వాసనా పోతుంది, కూలీ పోతుంది.
ఆమె కోసిన పూలే నా సీసాల్లోకి వచ్చాయని
చెప్పుకుంటే బాగుంటుంది గానీ,
మధ్యలో ఎన్ని పీపాలో, ఎన్ని సంతకాలో.

దాన్ని కూర్చినవాడు ఆన్సెల్మ్ కుర్తాదోన్.
నేను చేరేనాటికే గోడమీద ఫొటో.
పెళ్లాం కోసం చేశాడని కొందరు,
పెళ్లాం కాని మనిషి కోసమని ఇంకొందరు.
ఊడ్చే ముసలి బార్తెలమీ మాత్రం,
"ఆ వారం ఆయనకు జలుబమ్మా,
ఓక్ చెట్ల నాచు కాస్త ఎక్కువ పడింది" అనేవాడు.
నేను నమ్మింది అతన్నే.

యుద్ధంలో స్పిరిట్ అంతా అటు పోయిందట.
ఆ నాలుగేళ్లు సీసాల్లో ఏం పోశారో
ఎవరూ చెప్పలేదు.
లేబుల్ మాత్రం మారలేదు.

ఎలా ఉండేది అని అడుగుతారు అందరూ.
చేపనడగండి నీళ్ల రుచి.
మా రొట్టెలో ఉండేది, సూపులో, దువ్వెన పళ్లలో,
బిడ్డల నెత్తిమీద.
ఫ్యాక్టరీ వదిలి బస్సెక్కితే
జనం మావైపు తిరిగేవాళ్లు.
జాకెట్టు చిరిగిందేమోనని తడుముకునేదాన్ని.

ఇప్పుడూ అమ్ముతున్నారు,
అదే పేరు, అదే మెడ, అదే నల్లదారం, మిషన్ కట్టినది.
చర్మానికి పడదని నాచు తగ్గించారు.
నా మనవరాలు మాయెలిస్ పూసుకుంటుంది.
బాగానే ఉంటుంది,
అత్త నగలు పెట్టుకున్న కోడలిలా.

ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు.
శుక్రవారం ఆఖరి సీసాకి
ముడి ఎడమకు తిప్పేదాన్ని.
దేనికంటే ఏం చెప్పను?
వారమంతా కుడికే తిప్పిన చేతులు.

మొన్న వసంతంలో లియోన్ నుంచి ఒకతను వచ్చాడు,
తిబో వెర్నసాల్, గడియారాలు బాగుచేస్తాడు.
దూదిలో చుట్టి ఒక సీసా తెచ్చాడు.
వాళ్ల నాయనమ్మ సొరుగులోది, ముద్ర చెదరలేదు.
ఏ సంవత్సరందో చెప్పగలరా అన్నాడు.
కళ్లద్దాలు పెట్టుకున్నాను. వేలితో తడిమాను.
"శుక్రవారం," అన్నాను.

అతను సంవత్సరం కోసం చూస్తున్నాడు, నేనింకా మెడనే.
మూత తీస్తే ధర పదోవంతుకి పడిపోతుందట.
"మీ నాయనమ్మ ఎందుకు తీయలేదు?"
"మంచి సాయంత్రం కోసం దాచుకుందట."
ఇద్దరం కాసేపు ఏమీ అనలేదు.
కుక్కర్ గడియారం టిక్కుటిక్కుమంది;
అతని చెవి అటే పోయింది, వృత్తి కదా.
తర్వాత జేబులోంచి చిన్న కత్తి తీశాడు.

మొదట పుల్లగా, పాత సిర్కాలా.
నిమ్మజాతి వాసనలన్నీ చచ్చిపోయాయి.
తీసేయబోయాడు. ఉండమన్నాను.
ఏడు నిమిషాలు, మణికట్టు మీద, గాలికి.

అప్పుడొచ్చింది నాచు,
వాన వెలిసిన రాతిగోడ,
దాని వెనక జాజి, వాడడానికి ఒక్క గంట ముందుది,
ఇంకా వెనక జలుబు చేసిన ఒక మనిషి
చెయ్యి వణికి వంచిన సీసా.
ఫ్యాక్టరీ వదిలి ముప్పై ఏళ్లయ్యాక
నా ముక్కు నాకు తిరిగొచ్చింది.

ఇదన్నమాట
ఆ రోజుల్లో బస్సులో
అందరూ తిరిగి చూసింది.